ఫ్యామిలీ రూమ్‌లో దొరికిన హెలికాప్టర్

ఆ రోజుల్లో బళ్లారిలో కాకి కూడా ఎర్రగా ఉండేదని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. నేనూ బతిమాలి నమ్మించను. ఖనిజం లారీలు వేళాపాళా లేకుండా తిరుగుతుంటే, వాటి వెనక లేచిన దుమ్ము తీరిగ్గా ఊరంతా చూసుకుని, నచ్చిన చోట వాలేది. పొద్దున ఆరేసిన తెల్లచొక్కా మధ్యాహ్నానికి సన్యాసం పుచ్చుకునేది. ట్రాక్టర్లున్నవాళ్లు లారీలు కొన్నారు. లారీలున్నవాళ్లు గనులు పట్టారు. గనులు పట్టినవాళ్లు ఇక భూమ్మీద కొనడానికేమీ మిగల్లేదనుకుని ఆకాశం వంక చూడడం మొదలుపెట్టారు. సరిగ్గా వాళ్లు ఆకాశం వంక చూస్తున్న రోజుల్లోనే రాయదుర్గం నుంచి ఒక సూట్‌కేసు, ఒక స్కూటరు, ఒక హెల్మెట్ వెంటేసుకుని నేను బళ్లారిలో దిగాను. ఒక తెలుగు దినపత్రికకు జిల్లా ఇన్‌ఛార్జిని. అంతకుముందు ఆ కుర్చీలో ఆడమనిషి కూర్చోలేదు. ఆ సంగతి కుర్చీకి కూడా తెలిసినట్టుంది, నేను కూర్చోగానే కిర్రుమని ఒక పక్కకు ఒరిగింది.

నా చేతి కింద ఆఫీసులో ముగ్గురుండేవాళ్లు. మొదటివాడు పెద్దాయన. ఆ కుర్చీ తనకే వస్తుందని ఇంట్లోవాళ్లకు మిఠాయి కూడా పంచేసిన సీనియర్ రిపోర్టరు. రెండోవాడు ఠాణా. నేరవార్తలు రాసేవాడు, ఇంట్లో కన్నా పోలీస్ స్టేషన్లో ఎక్కువ టీలు తాగినవాడు. మూడోవాడు ఫొటోగ్రాఫర్ క్లిక్కప్ప. (మా వైపు మగవాడన్నాక పేరు చివర అప్ప ఉండాల్సిందే. కెమెరా పట్టుకున్న పాపానికి అసలు పేరు పోయి అతనికి అదే మిగిలింది.) ముగ్గురూ నాతో ఎంతో మర్యాదగా ఉండేవాళ్లు. వచ్చిన చిక్కల్లా ఆ మర్యాదతోనే. నన్ను ఏమని పిలవాలో తేలక, నాకు చెప్పాల్సినవన్నీ పైనున్న ఫ్యానుకు చెప్పేవాళ్లు. "రేపు కలెక్టరాఫీసు కాడ ధర్నా ఉండాది" అని పెద్దాయన ఫ్యానుతో అంటే, "వెళ్లండి" అని నేనూ ఫ్యానుతోనే అనేదాన్ని. ఫ్యాను అటూ ఇటూ తల ఊపేది. ఆఫీసులో నన్ను మన్నించింది అదొక్కటే.

నా వెనక వాళ్లు పెట్టుకున్న పేరు మాత్రం నాకు తెలుసు. హెల్మెట్ మేడం. బళ్లారిలో ఆ కాలాన హెల్మెట్ పెట్టుకునే మగవాడే అరుదు, ఆడవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. నాదేమో ముఖమంతా కప్పేది, ముందు అద్దం ఉన్నది. లారీల దుమ్ము కళ్లలో పడకుండా కొనుక్కున్నాను. తీరా దాన్ని పెట్టుకుని సందులోకి వస్తే కుక్కలు మొరిగేవి. "ఆయమ్మ తలకాయకి కుండ బోర్లించుకొని తిరుగుతాండాదప్పా" అని క్లిక్కప్ప కిళ్లీకొట్టు దగ్గర చెబుతుంటే నేను వెనకే నిలబడి విన్నాను. అతను వెనక్కి తిరగలేదు, కుండలోంచి నేనూ పిలవలేదు.

నాయకత్వం గురించి అప్పట్లో నాకు గట్టి అభిప్రాయాలుండేవి. రోజూ పొద్దున మీటింగ్ పెట్టాలి, గోడకు తెల్లబోర్డు ఉండాలి, దాని మీద రంగుల పెన్నుతో ఎవరి పని వాళ్లకు రాయాలి. బోర్డు కొన్నాను. పెన్నులు కొన్నాను. పొద్దున్నే వచ్చి బోర్డు పక్కన నిలబడేదాన్ని. ఎవరూ వచ్చేవాళ్లు కాదు. కొన్నాళ్లకు అసలు సంగతి తెలిసింది. అసలు మీటింగ్ కౌల్ బజార్‌లో ఒక హోటల్లో జరుగుతోంది. ఊళ్లోని పత్రికల మగరిపోర్టర్లందరూ అక్కడ ఒకే పెద్ద టేబుల్ చుట్టూ చేరి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, బై టూ చాయ్ తాగుతారు. (ఒక చాయ్ చెప్పి రెండు గ్లాసుల్లో పోయించుకోవడం మా ఊరి మర్యాద. ఒక్కడే నిండు గ్లాసు తాగితే ఏదో దాచుకున్నవాడిలా చూస్తారు.) చాయ్ ఎట్లా పంచుకునేవాళ్లో వార్తలూ అట్లాగే పంచుకునేవాళ్లు. ధర్నా నువ్వు చూడు, యాక్సిడెంట్ నేను చూస్తా, సాయంత్రం ఇద్దరం మార్చుకుందాం. అందుకే మర్నాడు అన్ని పేపర్లలో అవే వార్తలు, అవే మాటలు, ఆఖరికి అవే అచ్చుతప్పులు.

ఈ కవలపిల్లల సంగతి హైదరాబాద్‌లో మా డెస్క్ పెద్ద కనిపెట్టాడు. ఫోన్ చేసి నెమ్మదిగానే అన్నాడు. "చూడమ్మా, మన జిల్లా పేజీ, పక్కవాళ్ల జిల్లా పేజీ ఒక తల్లి బిడ్డల్లా ఉన్నాయి. ఉగాదిలోపల మనకు మాత్రమే దొరికిన వార్త ఒక్కటి చూపించు. లేదంటే ఇక్కడి నుంచి మనిషిని పంపిస్తాను. నువ్వేం దిగులుపడకు, వంటల పేజీలో నీకు చోటుంది." నేను దిగులుపడ్డాను. నా చేతి ఉప్మా తిన్న మా అమ్మ, పెళ్లయ్యేదాకా ఈ సంగతి బయటికి పొక్కనివ్వకే అని నా దగ్గర మాట తీసుకుంది. అట్లాంటిదాన్ని రాష్ట్రమంతా చదివే వంటల పేజీకి పంపితే నాకే కాదు, రాష్ట్రానికీ క్షేమం కాదు.

సరే, మీటింగ్ నా దగ్గరికి రాకపోతే నేనే మీటింగ్ దగ్గరికి వెళ్తానని ఒక పొద్దున హెల్మెట్ చంకలో పెట్టుకుని కౌల్ బజార్ హోటల్‌కు వెళ్లాను. నన్ను చూడగానే పెద్ద టేబుల్ దగ్గర నవ్వులు టక్కున ఆగిపోయాయి. నేను కుర్చీ లాగేలోపే సర్వర్ వచ్చాడు. ఊరందరూ మామ అని పిలిచే పెద్దమనిషి. భుజం మీద తడిగుడ్డ, నోట్లో ఒక కన్నడ మాట, ఒక తెలుగు మాట.

"ఫ్యామిలీ రూమ్ ఒళగడె ఇదె మేడం. రాండి, లోపలికి రాండి."

"నేను ఫ్యామిలీ కాదు మామా. ఒక్కదాన్నే. ఆ టేబుల్ దగ్గరున్న ముగ్గురికి ఆఫీసర్ని."

"ఆఫీసరైతే ఏమి మేడం, లేడీసే గదా. జెంట్స్ మధ్యలో కూసోబెడితే ఓనరు నన్ను తిడతాడు."

టేబుల్ వైపు చూశాను. పెద్దాయన ఉగ్గానిలో పల్లీలు ఏరుతున్నాడు. ఠాణా గోడమీది ధరల పట్టిక మొదటిసారి చూస్తున్నట్టు చదువుతున్నాడు. క్లిక్కప్ప కెమెరా అద్దం తుడుస్తున్నాడు. మామ పూలపూల పరదా ఎత్తి పట్టుకుంటే నేను తలవంచుకుని లోపలికి వెళ్లాను. ఏ ఉద్యోగానికైనా నియామకపత్రం ఒకటే ఉంటుంది, పరదా మాత్రం ఊరూరికీ వేరుగా ఉంటుందని ఆ పూట నాకు తెలిసింది.

రెండు బల్లలు, మూలన కుళాయి, గోడకు వంకరగా వేలాడే లక్ష్మీదేవి క్యాలెండరు, ఇదీ ఫ్యామిలీ రూమ్. బయటి నవ్వులు వినబడేవి, మాటలు వినబడేవి కావు. కోపం కొద్దీ ప్లేటు బజ్జీలు ఒక్కదాన్నే తిన్నాను. బజ్జీలు బాగుండడం నా పట్టుదలకు తోడైంది, మర్నాడు మళ్లీ వెళ్లాను, ఆ మర్నాడూ వెళ్లాను. ఎప్పటికైనా మామ మనసు కరిగి నన్ను పెద్ద టేబుల్ దగ్గర కూర్చోనిస్తాడని నా ఆశ. మామ మనసు కరగలేదు. ఈలోపల నాకు తెలియకుండానే ఆ గది అలవాటైంది. బ్రూస్‌పేటలో చీరలకూ నగలకూ వచ్చిన పల్లెల ఆడవాళ్లు, బయట మగవాళ్లు లారీల సంగతి మాట్లాడుకుంటుంటే, కాళ్లు నొప్పులని ఆ గదిలోకి వచ్చి చేరేవాళ్లు. తమ మీద పేపరువాళ్ల చెవి పడుతుందని వాళ్లకు ఎందుకు తోస్తుంది? ఒళ్లో కుండ పెట్టుకుని బజ్జీలు తింటున్న ఆడపిల్లను చూసి ఎవరైనా ఏమనుకుంటారు?

ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరు వచ్చారు. ఒకామె పెళ్లికూతురి తల్లి, రెండో ఆమె మేనత్త. పట్టుచీరల సంచులు కుర్చీల్లో కూర్చోబెట్టి, వాళ్లు సంచుల పక్కన ఒదిగి కూర్చున్నారు. మేనత్త ఉగ్గాని ముద్ద నోట్లో పెట్టుకుని చిన్నగా అంది.

"అయితే వదినా, అల్లుడు గాలిమోటర్లో వచ్చేది నిజమేనా?"

"మెల్లగా అనుమ్మే! ఎదుర్కోలుకు హెలికాప్టర్లో దిగుతాడంట. గనులోళ్లు గదా, వాళ్ల ముచ్చట వాళ్లది."

"యాడ దించుతారు? మనదంతా నల్లరేగడి, కూరకపోదూ?"

"కళ్లం ఉండాది గదా. గట్టినేల. ఆడ సున్నంతో గుర్తు పెడతారంట."

"కళ్లంలో అవ్వ మిరపకాయలు ఎండబోసింది గదమ్మే!"

"ఆ పొద్దు పక్కకు దోపిస్తాంలే. అవ్వకు మాత్రం చెప్పొద్దు తల్లీ. చెప్తే కట్టె తీసుకొని గాలిమోటరుకు అడ్డం పడుకుంటాది."

ఆ తర్వాతి మాటల్లో ఊరి పేరు, పెళ్లిరోజు కూడా బయటపడ్డాయి. నా చేతిలో బజ్జీ అట్లాగే ఉండిపోయింది. ఒక పల్లెటూరి కళ్లంలో పెళ్లికొడుకుతో హెలికాప్టర్ దిగడం, అదీ ఆ పల్లెలో ముసలమ్మకు కూడా చెప్పకుండా దాచిన సంగతి, పెద్ద టేబుల్ దగ్గర ఎవరికీ తెలియనిది! చెయ్యి కడుక్కోకుండానే ఆఫీసుకు పరిగెత్తాను. ముగ్గుర్నీ పిలిచాను. బోర్డు మీద ఎర్రపెన్నుతో హెలికాప్టర్ బొమ్మ కూడా వేశాను. (తూనీగలా వచ్చిందని తర్వాత ఠాణా చెప్పాడు.) పెద్దాయన ఫ్యానుతో అన్నాడు:

"ఆడోళ్లు ఉగ్గాని తింటా చెప్పుకునేదంతా వార్తయితే, మా ఇంట్లో రోజుకో ఎడిషన్ వస్తాది."

"స్టేషన్లో ఎవురికీ తెలీదే" అన్నాడు ఠాణా. అతని దృష్టిలో పోలీసులకు తెలియనిది ఇంకా జరగనట్టే.

నాకు పౌరుషం వచ్చింది. వాళ్ల ముందే డెస్క్ పెద్దకు ఫోన్ చేసి, ఫలానా రోజు జిల్లా పేజీ పైభాగం మొత్తం ఫొటోకు ఖాళీగా ఉంచమన్నాను. ఆయన "ఫొటో రాకపోతే ఆ ఖాళీలో మజ్జిగపులుసు ఎట్లా చెయ్యాలో నువ్వే రాయాలి" అని పెట్టేశాడు.

ఆ రోజు రానే వచ్చింది. సంగనకల్లు దాటి కాలవ కింది పల్లె అది. ఎదుర్కోలు సాయంత్రం, ఎండ ఉండగానే. పెద్దాయన, ఠాణా ఒక బండి మీద ముందే వెళ్లిపోయారు, వార్త ఉన్నా లేకున్నా పెళ్లింట బొబ్బట్లు, అదే మా ఓళిగలు, ఉంటాయని. క్లిక్కప్ప తన బండి మీద, నేను నా స్కూటరు మీద. సంగనకల్లు గుట్టల దగ్గర అతని బండి దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. నేను స్కూటరు ఆపాను. అతను కాలవ వైపు చూశాడు, గుట్టల వైపు చూశాడు, వేరే దారేదీ కనబడక తువ్వాలుతో ముఖం మొత్తం చుట్టుకుని నా వెనక కూర్చున్నాడు.

"దుమ్ము ఇక్కడ లేదు కదా, ముఖానికి తువ్వాలెందుకు?" అన్నాను.

"దుమ్ముకు కాదు మేడం. మా వోళ్లు యెవురన్నా చూస్తే!" అని తువ్వాల్లోంచి గొణిగాడు. "ఈ గుట్టల మీద రాతియుగపోళ్లు గొడ్డండ్లు నూరినారంట. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఈ దావన ఆడమనిషి యెనక కూసోని పోయిన మొగోడు నేనొక్కడినే ఉంటా."

కళ్లం దగ్గరికి చేరేసరికి పెళ్లివాళ్లంతా అక్కడే ఉన్నారు. షామియానా, బ్యాండుమేళం, తెల్లపంచెల పెద్దమనుషులు, పట్టుచీరలు. కళ్లం మధ్యకు చూశాను. సున్నం గుర్తు ఉండాల్సిన చోట మిరపకాయలు నిండుగా, ఎర్రగా, తివాచీ పరిచినట్టు ఎండుతున్నాయి. ఒడ్డున గొడుగంత నీడలో ఒక అవ్వ చేతికర్రతో కూర్చుని మేకల్ని అదిలిస్తోంది. పెళ్లికూతురి మేనత్త నా పక్కకే వచ్చి, ఎవరికో తల బాదుకుంటూ చెబుతోంది. పొద్దున కాయలన్నీ పక్కకు దోసి సున్నంతో గుర్తు గీశారట. అందరూ ముస్తాబులకు పోగానే అవ్వ వచ్చి చూసి, "బాగా ఎండని కాయ కుప్ప జేస్తే బూజు పట్టదా? పైగా ఈ ముగ్గేంది, రెండు గీతలూ మధ్యలో అడ్డగీతా! ఎవురో ముగ్గు రాని పిల్ల ఏసింది" అని, కూలోళ్లను పిలిచి కాయలన్నీ మళ్లీ ఆ ముగ్గు మీదే పరిపించిందట. ఇప్పుడు తీయమంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

చాలాసేపు ఏమీ రాలేదు. బ్యాండువాళ్లు వచ్చిన పాటలన్నీ వాయించేసి మొదటిదానికి తిరిగొచ్చారు. పెద్దాయన ఓళిగ నములుతూ నా వైపు వచ్చాడు. అక్కడ ఫ్యాను లేదు కాబట్టి ఆకాశంతో అన్నాడు: "మజ్జిగపులుసులోకి సొరకాయ బాగుంటాది." నాకు నవ్వు రాలేదు. ఆ ఖాళీ పేజీ, వంటల పేజీ, మా అమ్మ ముఖం వరసగా కళ్ల ముందు తిరుగుతున్నాయి. హెల్మెట్ ఎక్కడ పెట్టాలో తెలియక తలకే ఉంచుకున్నాను. అద్దం దించుకుంటే కనీసం నా ముఖం ఎవరికీ కనబడదు.

అప్పుడు దక్షిణం వైపు నుంచి డబడబమని చప్పుడు వచ్చింది.

తర్వాత జరిగినదానికి సాక్ష్యం తేవడం కష్టం, ఎందుకంటే వరసగా చూసింది నేనొక్కదాన్నే. హెలికాప్టర్ కళ్లం మీదికి వచ్చింది. మిరపకాయలు ముందు కొంచెం కదిలాయి. తర్వాత లేచి నిలబడ్డాయి. ఆ తర్వాత, ఊళ్లో అందరికన్నా ముందు పెళ్లికొడుక్కి ఎదురేగినట్టు మొత్తంగా పైకెగిరాయి. ఎండుకాయలు, గింజలు, తొడిమలు, ఎర్రటి పొడి, ఏడాది పాటు బళ్లారి జిల్లా అంతా తినాల్సిన కారం ఒక్క ఊపులో గాల్లో కలిసింది. బూరవాయించేవాడు బూరలోకే తుమ్మాడు, అది ఎంత గట్టిగా మోగిందంటే పక్కవాడు కొత్తపాట అనుకుని డప్పు అందుకున్నాడు. తెల్లపంచెల పెద్దలు ఒకర్నొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. పట్టుచీరలు షామియానా స్తంభాలు పట్టుకుని ఏడుస్తున్నాయి. అప్పుడే తలుపు తెరిచి సూటువేసుకున్న పెళ్లికొడుకు చెయ్యి ఊపుతూ దిగాడు, ఒక్క శ్వాస తీసుకున్నాడు, ఊపుతున్న చెయ్యితోనే ముక్కు మూసుకున్నాడు.

"క్లిక్కప్పా, తియ్యి!" అని అరిచాను.

కెమెరా కోసం తువ్వాలు విప్పేసిన క్లిక్కప్ప కళ్లు రెండూ మూసుకుని, కాలవలా నీళ్లు కారుస్తూ గుండ్రంగా తిరుగుతున్నాడు. "అక్కా! కండ్లు కనబడవక్కా! యాడుండాడక్కా?"

అక్కా! అంత గందరగోళంలోనూ ఆ మాట నాకు వినబడింది. వెళ్లి అతని భుజాలు పట్టుకుని తిప్పాను. "కుడికి. ఇంకా. ఆగు. కొంచెం కిందికి. నొక్కు! ఇప్పుడు ఎడమకు, బూరవాళ్లు. నొక్కు! వెనక్కి రా, రెండడుగులు. నొక్కు, నొక్కు!" నా కళ్లు, అతని వేలు. పెళ్లికి వచ్చిన జనంలో పొడి కళ్లతో ఉన్నవాళ్లం ఇద్దరమే. కుండలో ఉన్న నేను, ఒళ్లంతా ఎప్పుడో కారానికి అలవాటైపోయిన అవ్వ.

ఆ అవ్వ పైటచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కర్ర ఎత్తుకుని హెలికాప్టర్ మీదికి వస్తోంది. రెక్కలు ఆగాయి. అవ్వ ఆగలేదు. అక్కడ హెల్మెట్‌తో నిలబడింది నేనొక్కదాన్నే కావడంతో నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"నువ్వేనామ్మే దీన్ని తోలుకొచ్చింది?"

నేను అద్దం పైకెత్తాను. అవ్వ నా ముఖం చూసి రెండడుగులు వెనక్కి వేసింది. తిట్టాలా మెచ్చుకోవాలా తేల్చుకోలేక రెండూ కలిపి అంది. "ఆడబిడ్డవి, ఇంత పెద్దదాన్ని ఆకాశంలో మోడం మీద తోలుతావా! శభాషే! కానీ తల్లీ, దించే చోటు చూసుకోవద్దా? మా మనమరాలి మొగుడు రావల్లంటే ఎద్దులబండి లేదా, ట్రాక్టరు లేదా? కాయలన్నీ ఊరి మీద చల్లితివి గదే!"

"కాదవ్వా, నేను పేపరుదాన్ని. ఫొటోలకొచ్చాం."

"మరి ఆ ఏడుస్తాండే మొగోళ్లెవురు?"

చూస్తే క్లిక్కప్ప పక్కన పెద్దాయన, ఠాణా అతని తువ్వాలు చెరో కొసతో కళ్లు తుడుచుకుంటున్నారు. (తువ్వాలు కూడా బై టూ.) "నా కింద పనిచేసేవాళ్లవ్వా" అన్నాను. హోటల్లో మామ దగ్గర చెల్లని ఆ మాట అవ్వ దగ్గర చెల్లింది.

"నీ కింద పనిజేస్తే ఊరకే ఏంటికి నిలబెట్టినావు? కాయలేరమను!"

అవ్వకు తెల్లబోర్డు లేదు, రంగుల పెన్నులు లేవు. కర్ర ఒకసారి గాల్లో తిప్పింది. "ముందు కాయలేరండి, తర్వాత పెండ్లి! ఓ అల్లుడా, ఆ కోటు ఇప్పి ఈడ పరుచు, దాంట్లో పోయండి." పెళ్లికొడుకు కోటు విప్పాడు. తెల్లపంచెలు వంగాయి. నేను కూడా గొంతు సవరించుకుని, "పెద్దాయనా, ఆ వైపు. ఠాణా, షామియానా వెనక. క్లిక్కప్పా, కోటు ఫొటో తీసి నువ్వూ ఏరు" అన్నాను. ముగ్గురూ వెళ్లి ఏరారు. నేను ఇచ్చిన ఆజ్ఞల్లో వెంటనే అమలైన మొదటిది అదే. వార్తకు సంబంధించినది కాకపోతేనేం, అమలైంది.

మర్నాడు పేజీ పైభాగమంతా ఒకే ఫొటో. సూటుప్యాంటుతో పెళ్లికొడుకు నేల మీద మోకాళ్లూని మిరపకాయలు ఏరుతుంటే, వెనక అవ్వ కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఇంకా వెనక పెళ్లిజనం బోరుమంటోంది. పైన పెద్దాయన పెట్టిన శీర్షిక: "అప్పగింతలకు ముందే కన్నీళ్లు". (నిజాయతీగా చెప్పాలంటే అంత మంచి శీర్షిక నాకు తట్టేది కాదు. అది రాస్తూ ఆయన ఫ్యాను వైపు కాకుండా నా వైపు చూసి, "సరిపోతాదా?" అని అడిగాడు.) ఊళ్లో మరే పేపర్లోనూ ఆ వార్త లేదు. డెస్క్ పెద్ద ఫోన్ చేసి చాలాసేపు నవ్వి, మజ్జిగపులుసు సంగతి ఎత్తకుండానే పెట్టేశాడు. అవ్వ ఇంటి నుంచి ఒక సంచెడు మిరపకాయలు ఆఫీసుకొచ్చాయి, "మోటరమ్మకు" అని చెప్పి పంపారు.

ఆ వారంలోనే ఒక పొద్దున నేను ఫ్యామిలీ రూమ్‌లో బజ్జీ కొరుకుతుంటే పరదా పక్కకు జరిగి క్లిక్కప్ప తల కనబడింది. "అక్కా, ఆ టేబుల్ కాడ వార్తలేం లేవు. ఈడేమన్నా ఉండాయా?" వెనకే ఠాణా, ఆ వెనక పెద్దాయన. మామ పరిగెత్తుకొచ్చి, "ఇది ఫ్యామిలీ రూమప్పా, బయటికి పాండి" అన్నాడు. పెద్దాయన కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు. "మేం గూడా ఫ్యామిలీనే మామా. ఆయమ్మ మా ఇంటికి పెద్ద. నాలుగు ఉగ్గాని చెప్పు." బ్రూస్‌పేట దుకాణాలు తెరవక ముందు ఆ గది ఎట్లాగూ ఖాళీయే. పొద్దున మా మీటింగ్ అక్కడ, మధ్యాహ్నం ఆడవాళ్లు వచ్చే వేళకు ఈ ముగ్గుర్నీ తరిమేసి నేనొక్కదాన్నే అక్కడ. మగవాళ్లుంటే మంచి వార్త నోరు విప్పదని అప్పటికే నాకు తెలుసు.

ఉగాది వెళ్లాక, డెస్క్ పెద్ద చెప్పిన మనిషి హైదరాబాద్ నుంచి రానే వచ్చాడు. ఆయన్ను వద్దనడం అందరూ మరిచిపోయారు. మా పత్రికలో ఒకసారి బయల్దేరిన ఆర్డరు ఖనిజం లారీ లాంటిది, దానికి బ్రేకులుండవు. పాపం మర్యాదస్తుడు. పొద్దున్నే ఆఫీసుకు వచ్చి నా తెల్లబోర్డు పక్కన ఒక్కడే నిలబడి ఎదురుచూశాడట. చివరికి ఎవరో చెబితే కౌల్ బజార్ హోటల్‌కు వచ్చాడు. పరదా వెనక మా నవ్వులు వినబడి లోపలికి రాబోయాడు. మామ చెయ్యి అడ్డంపెట్టాడు.

"జెంట్స్ ఈ పక్క సార్. ఆడ ఫ్యామిలీ."

"లోపల ఉన్నది కూడా జెంట్సే కదా!"

"వాళ్లు ఆయమ్మ ఫ్యామిలీ సార్."

ఆయన బయట పెద్ద టేబుల్ దగ్గర ఒక కొసన కూర్చుని, తెలియక నిండు గ్లాసు చాయ్ తాగి, సాయంత్రం రైలెక్కాడు. వెళ్లి డెస్క్ పెద్దతో ఒకటే మాట అన్నాడట: "అక్కడ కుర్చీ ఖాళీ లేదు సార్."

ఆ తర్వాత పెద్ద ఊళ్లలో పెద్ద కుర్చీల్లో కూర్చున్నాను. అద్దాల గది ఇచ్చారు, అందులోంచి అందరూ కనబడతారు, ఎవరి మాటా వినబడదు. ఈమధ్య బళ్లారి వెళ్తే కాకులు మళ్లీ నల్లగా ఉన్నాయి. హోటల్‌కు ఏసీ పెట్టి పరదా తీసేశారు. ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు. మంచిదే, అదే కదా ఆ రోజు నేను కోరుకున్నది. అయినా పరదా ఉన్న చోట గోడకేసి కాసేపు చూశాను. హెల్మెట్ మాత్రం ఇంకా మా ఇంట్లో బీరువా మీద ఉంది. అప్పుడప్పుడు తీసి తల దూరిస్తే ఇప్పటికీ తుమ్మొస్తుంది. ఆ తుమ్ము వెనకే అవ్వ వచ్చి నిలబడుతుంది, నువ్వేనామ్మే దీన్ని తోలుకొచ్చింది అని అడుగుతుంది. ఆ రోజు చిన్నతనం కొద్దీ కాదవ్వా అన్నాను. ఇప్పుడైతే, అవునవ్వా, నేనే తోలుకొచ్చాను, దించే చోటు మాత్రం చూసుకోక అద్దాల గదిలో దించాను అని చెప్పేదాన్ని.